డేగయ్య రాయించిన జనాభా లెక్క

కాలవ గట్టు పక్కన ఒక రైతు దొడ్డి. దొడ్డిలో ఒక మూల గడ్డివాము, ఇంకో మూల పశువుల పాక, రెంటికీ మధ్య నడుమెత్తు పెంటకుప్ప. ఆ పెంటకుప్ప మీద డేగయ్య కాపురం. పేరు గొప్ప, ఊరు దిబ్బ అని ఎవరన్నా వెటకారం చేస్తే డేగయ్యకి కోపం వచ్చేది కాదు. దిబ్బ లేని పుంజు కూడా ఒక పుంజేనా అని ఎదురు అడిగేవాడు.

ఎర్ర ఈకల పుంజుని పందేలవాళ్లు డేగ అంటారు. ఆ రంగుని బట్టే అతనికి ఆ పేరు. వాళ్ల తాత మూడు బరులు గెలిచాడని వచ్చినవాళ్లందరికీ చెబుతాడు. నాలుగో బరి సంగతి ఎవరన్నా అడిగితే మాట మారుస్తాడు. అతని కింద పదకొండు పెట్టలు, లెక్కలేనంతమంది పిల్లలు. లెక్కలేనంతమంది అని మాటవరసకి అనడం లేదు. డేగయ్య నిజంగానే వాళ్లని ఎప్పుడూ లెక్కపెట్టుకోలేదు.

ఆ ఏడు పెద్దపులి దొరగారు జనాభా లెక్కలు తీయమని ఉత్తర్వు వేశారు. అడవిలో ఉన్నవాళ్లూ, ఊళ్లో ఉన్నవాళ్లూ, గూట్లో ఉన్నవాళ్లూ, బొరియలో ఉన్నవాళ్లూ, ఒక్కరు కూడా తప్పిపోకూడదు. పులికి మన లెక్క ఎందుకని కిందటిసారి ఒక మేక అడిగిందట. ఈసారి లెక్కలో ఆ మేక లేదు. అందుకని ఈసారి ఎవరూ ఏమీ అడగలేదు.

రాసే పని ఎప్పటిలాగే గాడిద మాస్టారి మీద పడింది. ఓట్లొచ్చినా ఆయనే, చుక్కల మందు వేయాలన్నా ఆయనే, వరదొస్తే పొట్లాలు పంచాలన్నా ఆయనే. ఇవన్నీ అయ్యాక టైముంటే పిల్లలకి పాఠం చెప్పాలి. రెండు పక్కలా రెండు పుస్తకాల సంచులు వేలాడేసుకుని, చెవి వెనక కలం దోపుకుని ఒక పొద్దుటిపూట ఆయన దొడ్లోకి వచ్చాడు. తడిక మీద సుద్దముక్కతో నంబరు వేస్తుంటే డేగయ్య కుప్ప మీంచి చూస్తున్నాడు. ముందు తన దగ్గరికే వస్తాడనుకున్నాడు. మాస్టారు గోడ దగ్గర ఆగి పిల్లిని పలకరించాడు.

"అమ్మా, భోజనం ఏ ఇంట్లో?"

"మూడిళ్లలోనండి" అంది పిల్లి, మూతి తుడుచుకుంటూ.

"ఎక్కడ తింటే అక్కడి మనిషి కింద లెక్క. అయితే నిన్ను ఏ ఇంట్లో రాయను?"

"మూడిళ్లలోనూ రాయండి. పాలు మూడు చోట్లా పోస్తారు, ఒక చోటే రాస్తే మిగతా ఇద్దరూ నొచ్చుకుంటారు."

మాస్టారు నిట్టూర్చి ఒక చోటే రాసుకున్నాడు. గేటు దగ్గర కుక్కని అడిగితే, "కాపలా ఇంటికి, పడక వీధిలో" అంది. దాన్ని ఇల్లు లేనివాళ్ల కింద రాశాడు. ఇల్లంతా కాసేది తనైతే, ఇల్లు లేనివాళ్లలో ఎలా పడ్డానో దానికి ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు.

డేగయ్యకి ఓపిక నశించింది. "మాస్టారూ, దొడ్లో పెద్ద కుటుంబం నాది. పెద్ద కుటుంబాన్ని వదిలేసి పిల్లుల్నీ కుక్కల్నీ రాసుకుంటూ కూర్చుంటే దొరగారు ఏమనుకుంటారు?"

"వస్తున్నానయ్యా, వరస తప్పకూడదు" అంటూ మాస్టారు కుప్ప దగ్గరికొచ్చి పుస్తకం తెరిచాడు. "ఇంటి యజమాని ఎవరు?"

డేగయ్య మెడ నిక్కించి, తురాయి ఒకసారి ఆడించాడు. మాస్టారు రాసుకున్నాడు.

"గోడలు?"

"తడిక."

"పైకప్పు?"

"గంప. కొత్తదే, కిందటి నెల అల్లింది."

"తాగే నీళ్లు?"

"కుడితి తొట్టి కారిన చోట."

"మరుగుదొడ్డి ఇంట్లోనా, బయటా?"

డేగయ్య తన కాళ్ల కింద కుప్పని ఒకసారి చూసుకున్నాడు. "మేముండేదే అందులో. ఇంట్లోనే అని రాసుకోండి."

"పిల్లలెంతమంది?"

ఇక్కడ డేగయ్య ఆకాశంకేసి చూశాడు. "ఎంతమంది అంటే... ముప్పై పైచిలుకు వేసుకోండి. నలభై లోపే."

"పైచిలుకు రాయడానికి గడి లేదయ్యా."

గంప వెనక నుంచి చుక్కమ్మ గొంతు వినిపించింది. పదకొండు పెట్టల్లో పెద్దది, ఒళ్లంతా తెల్లచుక్కలు. "ముప్పై ఏడు మాస్టారూ. మగపిల్లలు పందొమ్మిది, ఆడపిల్లలు పద్దెనిమిది. ఒకటి కుంటిది."

"నీ సంగతి చెప్పమ్మా. నువ్వు పెట్టిన గుడ్లెన్ని, బతికున్న పిల్లలెంతమంది?"

"నూట నలభై పెట్టాను. రైతమ్మ తీసుకోగా నాకు పొదగడానికి మిగిలినవి ముప్పై ఆరు. పిల్లలైనవి ఇరవై తొమ్మిది. ఎనిమిదింటిని గద్ద ఎత్తుకుపోయింది. పదకొండు తెగులుకి పోయాయి. రెండు..." చుక్కమ్మ గోడకేసి చూసింది. పిల్లి చప్పున ముఖం తిప్పుకుని తోక నాక్కోవడం మొదలుపెట్టింది. "రెండు కనపడకుండా పోయాయి. ఇప్పుడున్నవి ఎనిమిది."

మాస్టారు ఆ అంకెలన్నీ ఒక్కొక్కటే రాసుకున్నాడు. డేగయ్యకీ ఆ లెక్క తెలియడం అదే మొదటిసారి. ఎనిమిదంటే ఎనిమిదే మిగిలాయా అని అడగబోయాడు కానీ, ఇంటి యజమానికి తన ఇంటి కబురు లెక్కలవాడితో పాటు తెలిసిందంటే మర్యాదగా ఉండదు. అటు తిరిగి ఈకలు సర్దుకున్నాడు.

"ఇక ఆఖరిది. ఈ ఇంట్లో పని చేసేవాళ్లెవరు?"

"నేనొక్కణ్ణే" అన్నాడు డేగయ్య.

"పెట్టలు?"

"పెట్టలకి పనేముంది మాస్టారూ? ఇంటిపట్టున పడుంటాయి."

మాస్టారు కళ్లద్దాలు సర్దుకుని కుప్పకేసి చూశాడు. "నేనొచ్చినప్పట్నించీ చూస్తున్నా. ఆ నల్లపెట్ట కుప్ప తిరగేస్తూనే ఉంది కదా?"

"కాలక్షేపం."

"ఆ పక్కది నోట్లో పురుగు తను మింగకుండా పిల్లలకి పెడుతోంది?"

"ముద్దు. ఆడవాళ్లకి ముద్దెక్కువ."

"గంపలో ఆ బూడిదరంగు ఆవిడ? పన్నెండు రోజుల్నించి గుడ్ల మీంచి లేవలేదని చెబుతున్నారు."

"బూడిదమ్మా? ఊరికే కూర్చుంది! కూర్చోవడం కూడా పనైతే, కాలవలో పడుకున్న గేదెలన్నిటికీ జీతాలివ్వాలి."

"మరి మీరు చేసే పని?"

"పర్యవేక్షణ" అన్నాడు డేగయ్య. ఆ మాట మాస్టారు రెండుసార్లు అడిగి రాసుకోవాల్సి వచ్చింది. "ఇంటిల్లిపాదినీ పోషించేది నేనే. రాయండి. పోషకుడు ఒకడు, కూర్చుని తినేవాళ్లు నలభై ఎనిమిది మంది."

కలం కాగితం మీద పెట్టకుండానే మాస్టారు అన్నాడు. "డేగయ్యా, ముందే చెబుతున్నా. తప్పు లెక్క చెబితే ఇంటి యజమానిని నెల్లాళ్లు గంప కింద మూసేస్తారు. పదో రోజున సూపర్‌వైజర్ దున్నపోతు గారు తనిఖీకొస్తారు. పుస్తకంలో ఉన్నట్టే ఇల్లు కూడా కనపడాలి. ఒకసారి ఆలోచించుకో. పోనీ, ఆవిడ్ని అడుగుదాం. ఏమ్మా, నువ్వేమంటావు?"

చుక్కమ్మ నోరు తెరిచే లోపల డేగయ్య మధ్యలోకొచ్చాడు. "మా ఇంట్లో నా మాటే శాసనం. ఆవిణ్ణి అడిగేదేంటి?"

చుక్కమ్మ అతన్ని ఒక కన్నుతో చూసింది. పెట్టలు అలాగే చూస్తాయి, ఒక్కోసారి ఒక్కో కన్నుతో. అప్పుడు రెండో కన్ను ఏం చూస్తోందో పుంజులకి తెలియదు.

"ఆయన చెప్పాక ఇంకేముంది మాస్టారూ" అంది మెత్తగా. "రాసుకోండి. పదకొండు పెట్టలూ ఏ పనీ చేయవు. గట్టిగా రాయండి, వానకి తడిసినా చెరిగిపోకుండా."

డేగయ్య కాలి గోళ్లు సిరాలో ముంచి ముద్ర వేశాడు. ఇల్లాలంటే ఇలా ఉండాలి అనుకున్నాడు. ఆ సాయంత్రం గడ్డివాము మీదికెక్కి ఊరంతా వినపడేలా రెండు కూతలు ఎక్కువ కూశాడు.

మర్నాడు తెల్లవారింది. డేగయ్య కూసి, కుప్ప మీదికొచ్చి, అలవాటు ప్రకారం కళ్లు మూసుకుని నిలబడ్డాడు. ఆ వేళప్పటికి పెట్టలు కుప్ప గీకి పెడితే, బాగా బలిసిన వానపాము ఒకటి అతని ముందుకొస్తుంది. అది రోజూ ఎలా వస్తుందో అతను ఎప్పుడూ ఆలోచించలేదు. ఆ రోజు రాలేదు. కళ్లు తెరిస్తే కుప్ప మీద ఎవరూ లేరు. పది పెట్టలూ పాక నీడలో బూడిదలో ఒళ్లు పరుచుకుని వరసగా పడుకుని ఉన్నాయి.

"ఏంటిది? ఎండెక్కింది, లేవరేం?"

"లేచి ఏం చేస్తామండీ?" అంది చుక్కమ్మ. "మాకు పని లేదు కదా."

"వేళాకోళమా?"

"అయ్యో, రామ రామ! ఎంత మాట. మీరు గోళ్లు ముంచి ముద్ర వేశారు. మేం గింజ గీకుతూ కనపడితే మీరు రాయించింది అబద్ధమవుతుంది. అబద్ధమైతే మిమ్మల్ని గంప కింద మూస్తారు. కట్టుకున్నవాడు గంప కింద ఉంటే మేం నలుగురిలో తలెత్తుకోగలమా? మీ పరువు కోసం ఈ పది రోజులూ నడుములు నొప్పెట్టేదాకా పడుకుంటాం. అంతకంటే మీకు మేం చేయగలిగిందేముంది?"

పక్కన నల్లమ్మ, "పడుకోవడం కూడా ఎంత కష్టమో ఇప్పుడే తెలుస్తోందక్కా" అంటూ ఇంకో పక్కకి తిరిగింది.

డేగయ్య కుప్ప దిగొచ్చాడు. కసురుదామంటే ఆవిడ మాటలో తప్పేమీ లేదు. ఇంతలో కాళ్ల దగ్గర కీచుకీచుమని గోల మొదలైంది. ముప్పై ఏడు మంది పిల్లలూ అతని చుట్టూ చేరి నోళ్లు తెరిచారు. వాళ్లకి పుస్తకాలు తెలియవు, ముద్రలు తెలియవు. ఆకలి మాత్రం తెలుసు.

"సరే, నాకు చేతకాదనుకుంటున్నారా!" అని డేగయ్య కుప్పలో కాలు పెట్టాడు.

గీకడం తేలికని చూసేవాళ్లకి అనిపిస్తుంది. పైపొర ఎండిపోయి అట్టకట్టి ఉంటుంది. దాని కింద ఆవిరి, ఆ కింద పురుగు. ఎక్కడ గీకాలో తెలియనివాడికి దుమ్మే దక్కుతుంది. డేగయ్య మధ్యాహ్నం దాకా గీకాడు. దొరికిన మొదటి పురుగుని అలవాటు కొద్దీ తనే మింగేశాడు. ముప్పై ఏడు నోళ్లు ఒక్కసారిగా మూసుకుని, ముప్పై ఏడు జతల కళ్లు అతని గొంతుకేసి చూశాయి. అలాంటి చూపు డేగయ్య తాత ఏ బరిలోనూ చూసి ఉండడు. ఆ తర్వాత దొరికిన పురుగునల్లా పిల్లలకే పెట్టాడు. పొద్దుగూకేసరికి అతని కడుపు వెన్నుకి అంటుకుపోయింది.

"మరి మాకో?" అని చుక్కమ్మ నీడలోంచి అడిగింది. "కూర్చుని తినేవాళ్లమని రాయించారు. కూర్చున్నాం. తినడమే తక్కువ."

రెండో రోజు తవుడు గిన్నె దగ్గర బాతులతో తగువు పెట్టుకుని నోటినిండా నాలుగుసార్లు తెచ్చి పెట్టలకి పోశాడు. మూడో రోజు మధ్యాహ్నం బూడిదమ్మ గంపలోంచి లేచి, రెక్కలు విదిలించుకుని, ఒళ్లు విరుచుకుంటూ బయటికొచ్చింది.

డేగయ్య అదిరిపడ్డాడు. "ఏయ్, ఎక్కడికి? గుడ్లు చల్లబడిపోతాయి!"

"అలా గాలికి తిరిగొస్తానండీ."

"గుడ్లో?"

"ఊరికే కూర్చున్నదాన్ని ఊరికే లేవకూడదా?" అని బూడిదమ్మ కాలవ వైపు సాగిపోయింది. పదిహేను రోజుల్లో ఆవిడ ఎండ చూడటం అదే మొదటిసారి.

డేగయ్య గంప దగ్గరికెళ్లి చూశాడు. పదకొండు గుడ్లు. తల వంచి ముక్కు ఆనిస్తే ఇంకా వెచ్చగానే ఉన్నాయి. ఆ వెచ్చదనం ఎంతసేపుంటుందో అతనికి తెలియదు. పెట్టలకేసి చూశాడు. ఒక్కటీ కదల్లేదు. ఇటు చూశాడు, అటు చూశాడు, గోడ మీద పిల్లి లేని క్షణం చూసుకుని గంపలోకి దిగి కూర్చున్నాడు.

కూర్చున్నాక తెలిసింది. కాళ్లు మడిస్తే తిమ్మిరి, చాపితే గుడ్డు దొర్లిపోతుంది. అంచున ఉన్నవి చల్లబడకుండా మధ్యకి తిప్పాలి, మధ్యవి అంచుకి జరపాలి. అతని ఒంటి మీద ఈకలు చూపుకి పనికొచ్చేవే కానీ వేడి నిలిపేవి కావు. బూడిదమ్మ తిరిగొచ్చేసరికి పొద్దు వాలింది. "పాపం, ఊరికే కూర్చుని అలిసిపోయినట్టున్నారు" అంది.

ఆ సాయంత్రం డేగయ్య చుక్కమ్మ పక్కన చేరి గొంతు తగ్గించాడు. "ఒసే, ఎవరూ చూడనప్పుడు మీ పని మీరు చేసుకోవచ్చు కదా? దున్నపోతు వచ్చే రోజు మాత్రం పడుకోండి."

"ఎవరూ చూడకపోవడమేం? గోడ మీద పిల్లి ఉంది. దానికి మూడిళ్లలో భోజనం, ఏడిళ్లలో చాడీలు. అమ్మో, మీ ప్రాణంతో చెలగాటమా? మా వల్ల కాదు."

నాలుగో రోజు గద్ద వచ్చింది.

డేగయ్య తల వంచి గీకుతున్నాడు. మామూలుగా అయితే నేల మీద నీడ ఆడగానే పెట్టల్లో ఏదో ఒకటి అరుస్తుంది, పిల్లలు రెక్కల కిందికి పరిగెడతారు. ఆ సందడికి చివర్లో డేగయ్య ఒక కూత కూసేవాడు, గద్ద పారిపోయింది తనవల్లేనని అనుకునేవాడు. ఈసారి నీడని చూసింది అతనే. ఏం చేయాలో తోచలేదు. నోట్లోంచి కూత రాలేదు, కెవ్వుమని ఒక అరుపు వచ్చింది. పిల్లలు అన్ని వైపుల్నించీ ఉరికొచ్చి అతని కిందకి దూరారు. దూరడానికి చోటు చాల్లేదు. రెండు రెక్కలూ చాపి నేలకి అతుక్కుపోయాడు. వీపు మీద ఈల వేసినట్టు గాలి, తోకలో చురుక్కుమని నొప్పి. మూడు తోక ఈకలు పట్టుకుని గద్ద పైకి లేచిపోయింది.

అతని పొట్ట కింద పిల్లల గుండెలు టపటపా కొట్టుకుంటున్నాయి. తన గుండె ఏదో, వాళ్లవేవో తెలియలేదు. ఏడుపొచ్చినంత పనైంది డేగయ్యకి. చాలాసేపటికి లేచి లెక్కపెట్టాడు. ముప్పై ఆరు. మళ్లీ పెట్టాడు. ముప్పై ఐదు. కదలకుండా నిలబడండ్రా అని అరిచి మళ్లీ పెడితే ముప్పై ఎనిమిది. లెక్కపెట్టడం కూడా రోజూ చేస్తేనే వచ్చే పని.

"చుక్కీ!" అన్నాడు. ఆ పిలుపు పెళ్లయిన కొత్తల్లోది. "లెక్క తేలడం లేదే. ఏది పోయిందో తెలియడం లేదే!"

చుక్కమ్మ అప్పటికే లేచి నిలబడి ఉంది. మెడ మీద ఈకలన్నీ నిక్కబొడుచుకుని ఉన్నాయి. గద్ద ఇంకొక్క అడుగు కిందికి దిగి ఉంటే దాని సంగతి వేరేగా ఉండేది. మెల్లగా ఈకలు సర్దుకుని, మళ్లీ బూడిదలో కూర్చుంది. "ఎవరూ పోలేదు. కుంటిది మీ కుడి రెక్క ఈకల్లో ఇరుక్కుని ఉంది. విదిలించకండి, పడిపోతుంది."

ఆ రోజుతో డేగయ్య పట్టుదల సగం చచ్చింది. ఆరో రోజుకి మిగతా సగం కూడా పోయింది. తురాయి ఒక పక్కకి వాలింది, కాలి గోళ్లు అరిగిపోయాయి, తెల్లవారుజామున కూద్దామంటే గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. కుంటుకుంటూ బడి దగ్గరికి వెళ్లి మాస్టారి కాళ్ల మీద పడ్డాడు.

"మాస్టారూ, ఒక్క గడి మార్చండి. పెట్టలు పనిచేస్తాయని రాయండి."

"పుస్తకం కచేరీకి పంపేశానయ్యా."

"అబద్ధం చెప్పానని ఒప్పుకుంటున్నాను!"

"నా దగ్గర ఒప్పుకుంటే ఏం లాభం? నేను రాసేవాణ్ణే. మార్చే అధికారం దున్నపోతు గారిది. ఆయనొచ్చినప్పుడు చెప్పుకో."

"గంప కింద మూసేస్తారంటారా?"

"నెల్లాళ్లు."

నెల్లాళ్లు గంప కింద. చీకటి. ఎవరూ పిలవరు, ఎవరూ నోరు తెరిచి అడగరు. కాళ్లు ముడుచుకుని పడుకోవచ్చు. డేగయ్యకి ఆ మాట వింటుంటే నోరూరింది. తిరిగొచ్చేటప్పుడు దారిలో బోర్లించి ఉన్న గంప ఒకటి కనపడితే, ఆగి దాన్ని కాసేపు ఆశగా చూసి మరీ వచ్చాడు.

ఏడు, ఎనిమిది, తొమ్మిది. ఆ మూడు రోజులూ అతన్ని బతికించింది దున్నపోతు మీద ఆశే.

పదో రోజు పొద్దెక్కాక దున్నపోతు గారు వచ్చారు. మెడలో గంట, కొమ్ముకి తగిలించిన ముద్ర, పక్కన పుస్తకం మోస్తూ మాస్టారు. దున్నపోతు గారు ఎక్కడా తొందరపడరు. ఒక మాటకీ ఇంకో మాటకీ మధ్య నెమరు వేస్తారు.

ఆ సరికి బూడిదమ్మ షికారుకెళ్లింది. డేగయ్య గంపలో గుడ్ల మీద ఉన్నాడు. వీపు మీద నలుగురు పిల్లలు, రెక్కల కింద ఎందరో. ముక్కున సగం వానపాము వేలాడుతోంది. మిగతా పది పెట్టలూ నీడలో మహారాణుల్లా పడుకుని ఉన్నాయి.

దున్నపోతు గారు పుస్తకం చదివించుకున్నారు. "పని చేయువారు... ఒక పుంజు. పని చేయనివారు... పెట్టలు పదకొండు." నెమరు. "సరిపోయింది."

"సరిపోలేదయ్యా!" డేగయ్య వానపాముని వదిలేసి అరిచాడు. అరుపు కీచుమని వచ్చింది. "అబద్ధం! అంతా అబద్ధం! నేను ఏ పనీ చేసేవాణ్ణి కాదు. గీకేది వాళ్లు, పొదిగేది వాళ్లు, పిల్లల్ని కాసేది వాళ్లు. నేను కుప్ప మీద నిలబడేవాణ్ణి, అంతే. మాస్టారు అడిగితే గొప్పకి పోయి అలా రాయించాను!"

దున్నపోతు గారు పెట్టలకేసి చూశారు. "అమ్మా, మీరు పని చేస్తారా?"

చుక్కమ్మ ఒక కన్ను తెరిచింది. "మేమా బాబూ? పది రోజులుగా పుల్ల కూడా ఇటుది అటు పెట్టలేదు. కావాలంటే గోడ మీద పిల్లిని అడగండి."

అడక్కముందే పిల్లి అందుకుంది. "నిజం బాబుగారూ! కళ్లారా చూశాను. పాపం ఆ పుంజు ఒక్కడే చాకిరీ. ఇలాంటి మొగుణ్ణి నా తొమ్మిది జన్మల్లో చూడలేదు."

దున్నపోతు గారు డేగయ్యని ఎగాదిగా చూశారు. అరిగిన గోళ్లు, రాలిన తోక, పొట్ట కింద గుడ్లు. "ఇంత చేసి చేయలేదంటావు. మంచివాళ్లు ఇలాగే ఉంటారు, చేసింది చెప్పుకోరు. నా సర్వీసులో ఇంత వినయం చూడలేదు."

"వినయం కాదు మొర్రో! శిక్ష వేయండి! గంప తెప్పించండి, నా మీద బోర్లించండి, నెల కాదు రెండు నెలలు!"

దున్నపోతు మీద వాన కురిసినట్టే అయింది. "నిజం చెప్పినవాణ్ణి గంప కింద మూయడానికి చట్టం ఒప్పుకోదు" అని, కొమ్ముకున్న ముద్ర తీసి పుస్తకం మీద ఠప్పున కొట్టారు. "ధ్రువీకరించడమైనది. మళ్లీ లెక్క పదేళ్లకి." మాస్టారు పుస్తకం మూసి సంచిలో పెట్టుకున్నాడు. పెట్టుకుంటూ చుక్కమ్మకేసి చూసి, చెవులు రెండూ కాస్త వంచాడు. నమస్కారమే అయ్యుండాలి.

వాళ్లు తడిక దాటగానే డేగయ్య ఆత్రంగా అన్నాడు. "ఇక తనిఖీ అయిపోయింది కదే చుక్కీ! నన్నెవరూ గంప కింద మూయరు. ఇక మీ పని మీరు చేసుకోవచ్చు కదా!"

చుక్కమ్మ లేచి కూర్చుంది. "ఎలా చేసుకుంటామండీ? నిన్నటిదాకా అది మీ నోటి మాట. మీరు వద్దంటే మానేసేవాళ్లం, కావాలంటే చేసేవాళ్లం. ఇప్పుడది దొరగారి ముద్ర పడ్డ నిజం. ముద్రని కాదనడానికి మేమెంత, మా బతుకెంత? కూర్చుని తినేవాళ్లం!"

డేగయ్య ఏదో అనబోయాడు. పొట్ట కింద ఏదో టిక్కుమంది. ఇంకోటి టిక్కుమంది. ఉలిక్కిపడి కాస్త లేచి చూస్తే ఒక గుడ్డు పెంకు చిట్లి, చిన్న ముక్కు బయటికొస్తోంది. దాని పక్కదీ చిట్లుతోంది. మధ్యాహ్నం దాటేసరికి పదకొండూ పిల్లలయ్యాయి. తడి ఆరి, కళ్లు తెరిచి, అవి మొట్టమొదట చూసింది డేగయ్య మొహం. కోడిపిల్ల కళ్లు తెరిచి ఎవర్ని ముందు చూస్తే వాళ్ల వెంటే నడుస్తుంది. అతను గంపలోంచి దిగితే పదకొండూ దిగాయి. అతను కుప్పకేసి నడిస్తే పదకొండూ తూలుకుంటూ నడిచాయి. వాటి వెనక ముప్పై ఏడూ బయల్దేరాయి. బూడిదమ్మ షికారు నుంచి వచ్చి, "అచ్చం మీ పోలికే!" అని మురిసిపోయి, నీడలో చోటు చూసుకుంది.

నలభై ఎనిమిది నోళ్లు తెరుచుకున్నాయి. ఈసారి లెక్క ఒక్కసారికే సరిగ్గా వచ్చింది డేగయ్యకి. పైపొర తోసేసి, ఆవిరి వచ్చే చోటు చూసుకుని, అతను గీకడం మొదలుపెట్టాడు.

అందుకే, ఇంట్లో ఎవరి కష్టాన్నైనా కాగితంలోంచి కొట్టేయబోయేవాడు, రేపు ఆ కష్టం మోయడానికి తన నెత్తి సిద్ధంగా ఉందో లేదో ముందు చూసుకోవాలి.